విన్నవాళ్ళ సంతకం

అమ్మకు,

నీ చిన్నమ్మాయి నమస్కరించి రాసేది. ఇక్కడ నేను బాగున్నాను. అక్కడ నువ్వూ, నాన్నా, అన్నయ్యావాళ్ళూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ ఉత్తరం ఈసారి నాలుగు పేజీలు వచ్చింది. రెండుసార్లు పైకే చదువుకున్నాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. దగ్గు తగ్గింది. కిటికీ గొళ్ళెం ఇంటివాళ్ళు బాగుచేయించారు. పాలవాడు నీళ్ళు కలపడం మానలేదు, నేను పోట్లాడడం మానలేదు. నా గదిలో ఉండే లెక్కల టీచరుకు స్వెట్టరు అల్లుతున్నానని, భుజాల కొలత పంపమని రాశావు. ఆ సంగతి చివర రాస్తాను.

ఈ ఏడు తొమ్మిదో తరగతి ఇంగ్లీషు నాకే ఇచ్చారు. మొదటి రోజే పన్నెండు నియమాలు అచ్చువేయించి పంచాను. ఆలస్యంగా ఇస్తే దిద్దను, చూసి రాస్తే ఇద్దరికీ సున్నా, ఇలాంటివి. నాన్న చూస్తే "ఇది బడా, పోలీసు స్టేషనా" అంటాడు. తొమ్మిదో నియమం మీద నాకు మహా గర్వం. రోజూ ఇంట్లో పది నిమిషాలు పాఠం పైకి చదవాలి, విన్నవాళ్ళు కార్డు మీద సంతకం పెట్టాలి. ముప్ఫై గళ్ళు నిండితే పది మార్కులు.

నెల తిరిగేసరికి కార్డులన్నీ నిండి వచ్చాయి. ముప్ఫై సంతకాలూ ఒకే సిరాతో, ఒకే ఊపున పెట్టినవి సగానికి సగం. చూసీ చూడనట్టు మార్కులు వేసేశాను. ఒక్క కార్డు మాత్రం ఖాళీ. మాట పైకి రాదని పిల్లలందరూ గుసగుస అని పిలిచే అమ్మాయిది. దానికి సున్నా వేశాను. ఆ సున్నాతో పిల్ల నెల పరీక్షలో తప్పింది. తప్పినవాళ్ళను ఇక్కడ స్నేహితుల నుంచి విడదీసి వేరే సెక్షనులో కూర్చోబెడతారు.

"చదవలేదా?" అని అడిగాను.

"రోజూ చదివాను టీచర్."

"మరి సంతకాలేవి?"

"నాన్న లారీ మీద వెళ్తే నెలకోసారి వస్తాడు. ఇంట్లో నానమ్మ ఒక్కతే. ఆవిడకు చెవులు బొత్తిగా వినబడవు."

"పక్కన కూర్చుంటుందిగా, ఆవిడ చేతే పెట్టించాల్సింది."

"పెడతానంది టీచర్. నేనే వద్దన్నాను. విన్నవాళ్ళు పెట్టాలని రాశారు కదా."

నాకు తల కొట్టేసినట్టయింది. హెడ్మిస్ట్రెస్ గారి గదికి వెళ్ళి నియమం మారుస్తానన్నాను.

"రాసింది మీరే. ఇప్పుడు ఒక్క పిల్ల కోసం మారుస్తారా?" అన్నారావిడ.

"తప్పు రాశాను కాబట్టి మారుస్తానండీ."

కాసేపు నన్ను ఎగాదిగా చూసి, ఆ పిల్ల ముప్ఫై రోజులూ నా ఎదుట మళ్ళీ చదివితే సున్నా దిద్దుకోవచ్చన్నారు. నా కాగితంలో 'ఇంట్లో' అన్న మాట కొట్టేశాను. రోజూ బడి వదిలాక వరండా బెంచీ మీద అది చదువుతుంది, నేను విని సంతకం పెడతాను. ఇవాళ్టికి పదకొండు అయ్యాయి.

నిన్న చదవడం అయ్యాక పుస్తకం మూస్తూ, "మరి మీరు చదివితే ఇంట్లో ఎవరు వింటారు టీచర్?" అంది.

"ఉన్నార్లే" అనేశాను. అది నమ్మింది. ఇంటికొచ్చి తాళం తీస్తుంటే ఏడుపొచ్చింది.

అమ్మా, ఎవరూ లేరు. లెక్కల టీచరు నాలుగు నెలల కిందటే బదిలీ అయి వెళ్ళిపోయింది. ఆమె మంచం మీద నేను దిద్దాల్సిన నోటుపుస్తకాలున్నాయి. నా దువ్వెన పోగొట్టిందనీ, నిద్రలో ఎక్కాలు పలవరిస్తుందనీ నీకు రాసినవన్నీ కల్పించినవే. శనివారం బడిలో మాట్లాడిందే ఆఖరు, మళ్ళీ సోమవారం హాజరు పిలిచేదాకా పాలవాడితో పోట్లాటకు తప్ప నాకు నోరు విప్పే పని ఉండదు. చాలా బెంగగా ఉంటుందమ్మా.

ఉద్యోగానికి పంపేటప్పుడు నువ్వు పెట్టిన షరతు ఒక్కటే. "తోడుంటేనే ఉండు. ఒక్కదానివే అయిన రోజు పెట్టె సర్దుకుని వచ్చెయ్" అన్నావు. నాకు వచ్చెయ్యాలని లేదు, ఇలా ఉండాలనీ లేదు. అందుకే నా కార్డు నేనే నింపుకుంటూ వచ్చాను. పద్నాలుగేళ్ళ పిల్ల ఖాళీగా వదిలిన చోట నేను నాలుగు నెలలు దొంగ సంతకాలు పెట్టాను.

నాకు సున్నా వెయ్యి. ఎంత తిట్టాలనుంటే అంత తిట్టు. ఉద్యోగం మానెయ్యమని మాత్రం అనకు. గుసగుసకు ఇంకా పంతొమ్మిది మిగిలున్నాయి.

స్వెట్టరు విప్పెయ్యకు. నీ భుజాల కొలతకే పూర్తిచేసి, అది వేసుకుని ఓ పది రోజులు ఇక్కడికి రా. మంచం మీది పుస్తకాలు దించేస్తాను. నీకు ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు. నేను పైకి చదువుతుంటే వింటే చాలు.

ఇట్లు,
నీ అబద్ధాలకోరు చిన్నమ్మాయి