ఐదు స్లైసులు

జూన్ 3, మంగళవారం

కుడికన్ను వెనక కణితి. ద్రాక్షపండంత ఉందట. క్యాన్సర్ కాదు గానీ పెరుగుతోంది, కంటినరాన్ని నొక్కుతోంది. ముప్ఫై రోజులు రేడియేషన్ ఇవ్వాలని డాక్టర్ హద్దాద్ చెప్పాడు. చెప్పేటప్పుడు నా మొహం కాదు, నా బ్యాడ్జి చూశాడు. ఇరవై ఏళ్లుగా ఆయన పేషెంట్లకి రేడియేషన్ ప్లాన్లు వేసేది నేనే మరి.

ఇంటికొచ్చి గ్రాహంకి చెప్పాను. కాసేపు నా చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత, రొవీనా, వాళ్లకి పని నేర్పబోకు, పేషెంటువి పేషెంటులా పడుండు అన్నాడు. పెళ్లయి పాతికేళ్లు, మనిషికి నేను బాగానే అర్థమయ్యాను.

జూన్ 5

ఆసుపత్రి రూలు: స్టాఫ్ ఎవరూ తమ ఫైలు తాము తెరవకూడదు. ఈ రూలు రాసిన కమిటీలో నేనూ ఉన్నాను.

నా స్కాన్ మీద గీతలు గీసేది నా కింద పనిచేసే టెగన్. గీసేది అంటే, బటన్ నొక్కేది. ఒకప్పుడు స్కాన్‌లో ఒక్కో స్లైసు మీదా, అంటే తలని అడ్డంగా కోసినట్టు తీసే ఒక్కో బొమ్మ మీదా, కన్ను, నరం, మెదడు కాండం, లాలాజల గ్రంథులు, అన్నిటి చుట్టూ చేత్తో గీతలు గీసేవాళ్లం. కిరణాలు ఎక్కడ తగలకూడదో ఆ గీతలే చెప్తాయి. పేషెంటుకి రెండున్నర గంటలు పట్టేది. ఇప్పుడు నాలుగు నిమిషాలు. నేను గీసిన నాలుగు వందల మంది స్కాన్లు పెట్టి కంప్యూటర్ ప్రోగ్రాంకి నేర్పించాం. అది గీసినవీ నేను గీసినవీ పక్కపక్కన పెట్టి చూస్తే నూటికి తొంభై నాలుగు పాళ్లు కలిశాయి. ఆ రోజు కేక్ కోశారు. నా పనితనం యంత్రానికి వచ్చిందని నేను పొంగిపోయాను. ఎందుకు దాచాలి, ఇప్పటికీ గర్వమే.

జూన్ 9

ఈరోజు మాస్క్ చేశారు. వేడినీళ్లలో మెత్తబడిన ప్లాస్టిక్ వలని మొహం మీద పరిచి, అది గట్టిపడ్డాక బల్లకి బిగిస్తారు. వెచ్చటి తువ్వాలు కప్పినట్టే ఉంటుందని వేలమందికి చెప్పాను. అబద్ధం. దవడ కదలదు. మింగడం కుదరదు. పెదవులు వలకి ఒత్తుకుపోయి మాట రాదు. టెగన్ పైనుంచి వంగి, బాస్, మొదటిసారి నోరు మూసుకున్నావు అంది. నవ్వడానికి కూడా లేదు.

జూన్ 10

హద్దాద్ ఏ పేషెంటుకైనా చూపించినట్టే నా ప్లాన్ తెర మీద చూపించాడు. కణితి గురించి ఆయన చెప్తూనే ఉన్నాడు. నేను నరం చూస్తున్నాను.

కంటి నుంచి బయల్దేరిన ప్రోగ్రాం పచ్చగీత, నరం కంటిగూడు వెనక ఎముకలోకి దూరే దగ్గర ఆగిపోయింది. రెండు కళ్ల నరాలూ కలిసే చోటు చుట్టూ హద్దాద్ తన ఎర్రగీత గీశాడు. మధ్యలో ఐదు స్లైసులు, సెంటీమీటరు మేర, ఏ గీతా లేదు. అక్కడా నరమే ఉంది. కానీ కిరణాల లెక్కలో అది ఖాళీ జాగా.

ఎముక దగ్గర ఆగడం నా అలవాటు. నేను పని నేర్చుకున్నప్పుడు స్కాన్లు అక్కడ మసకగా ఉండేవి. కనపడనిది ఊహించి గీయకు, ఆపెయ్ అని మా సీనియర్ చెప్పింది. స్కాన్లు మారాయి, చెయ్యి మారలేదు. మిగతాది డాక్టర్ గీస్తాడనుకున్నాను. మొత్తం నేనే గీశాననుకుని ఆయన సంతకం పెట్టాడు. ప్రోగ్రాం నా దగ్గరే నేర్చుకుంది, నా గీతలతోనే పరీక్ష రాసి పాసైంది.

ఇంకేమైనా అడగాలా అన్నాడు హద్దాద్. లేదన్నాను.

జూన్ 11

టెగన్‌ని క్యాంటీన్‌లో పట్టుకుని, నా కంటినరం ఒక్కటీ చేత్తో చివరిదాకా గీస్తావా అన్నాను. సొంత బిడ్డ మీదే నమ్మకం లేదా బాస్ అంది. ముసలి చాదస్తం అనుకో అన్నాను. పది నిమిషాల్లో అయిపోయింది, ప్లాన్ కూడా మార్పించానని సాయంత్రం చెప్పింది.

నా కన్ను దక్కింది.

జూన్ 12

ఎవరికీ చెప్పలేదు.

జూన్ 13, మధ్యాహ్నం

మా పాత పేషెంటు నెవిల్ క్రాడిక్ ఫోన్ చేశాడు. ఏరు సముద్రంలో కలిసే చోట ఆల్చిప్పలు పెంచుతాడు. నా పేరు చెప్పి నన్నే అడిగాడట. అమ్మాయ్, ఈస్టర్ నుంచి కుడికంట్లో పొగమంచు పట్టినట్టుంది, కళ్లడాక్టరేమో వయసంటున్నాడు, చిప్ప విప్పబోయి నిన్న వేలు కోసుకున్నాను, ఓసారి నువ్వే చూడకూడదూ అన్నాడు.

ఆయనకి రేడియేషన్ అయి ఏడాదిన్నర. ఫైలు తెరిచాను. అవే ఐదు స్లైసులు. అక్కడ పడిన డోసు నరం ఓర్చుకోగల దానికంటే ఎక్కువ.

కనుక్కుని చెప్తానన్నాను.

జూన్ 15, ఆదివారం

చెప్తే ప్రోగ్రాం ఆపేస్తారు. అందరివీ చేత్తో గీయాలి, క్యూ పెరుగుతుంది, రేపు మొదలవ్వాల్సిన నా వైద్యమూ వెనక్కి పోతుంది. కణితి ఆగదు. నా పేరు మట్టి కొట్టుకుపోతుంది. చెప్పకపోతే నా ఒక్కదాని కన్నే బాగుంటుంది.

ఎటు తిరిగినా గోడే. గ్రాహం రెండుసార్లు ఏమైందని అడిగాడు. రెండుసార్లూ మాస్క్ అంటే భయమన్నాను.

జూన్ 16, ఉదయం 7

మాస్క్ బిగించకముందే హద్దాద్ గదికి వెళ్లి చెప్పేశాను. ఎన్నాళ్ల నుంచి అన్నాడు. ప్రోగ్రాంతో రెండేళ్లు, అంతకుముందు నా చేత్తో పద్దెనిమిది అన్నాను. సంతకాలన్నీ నావే కదా రొవీనా అన్నాడు.

పదిన్నరకల్లా అన్నీ ఆపేశారు. టెగన్ ఒక్కటే అడిగింది. బుధవారం నా చేత గీయించింది ఇందుకేనా అని. అవునన్నాను. వెళ్లి చేత్తో గీయడం మొదలుపెట్టింది. తిట్టినా బాగుండేది.

జూన్ 24

మొదటి విడతలో అరవై ఒక్క మంది. వాళ్లందరికీ ఉత్తరాలు వెళ్లాయి. పాతవి ఇంకా తవ్వుతున్నారు. నన్ను ఫైళ్లు ముట్టుకోనివ్వరు. నా వైద్యం మూడు వారాలు వాయిదా. ఎడమకన్ను మూసి చూస్తే గోడమీద క్యాలెండర్‌లో అంకెలు ఆనడం లేదు. భయంగా ఉంది.

జూలై 8, ఉదయం 9.40

గౌను కట్టుకుని వెయిటింగ్ హాల్లో కూర్చున్నాను. మొదటి రోజు. క్రాడిక్ వచ్చాడు, ఉత్తరం చేతిలో ఉంది. వెళ్లి పక్కన కూర్చుని, నేనూ పేషెంటునేనని, ఆ గీత నాదేనని చెప్పాను. మరి నీవి ఎవరు గీశారమ్మాయ్ అన్నాడు. టెగన్, చేత్తో అన్నాను. నాది సరిచేయించుకున్నాక కూడా నాలుగు రోజులు నోరు విప్పలేదని, మీ ఫోన్ వచ్చాక కూడా విప్పలేదని చెప్పాను.

నేను ఆయన కుడిపక్కన ఉన్నాను. మెడ మొత్తం తిప్పి వెతుక్కున్నాడు.

ఎడమపక్క కుర్చీ చూపించి, ఇటు వచ్చి కూర్చో అన్నాడు.

వెళ్లి కూర్చున్నాను.