మినహాయింపు

నాన్నా,

పనివాళ్ల జీతాల బిల్లు వచ్చే వారం సభ ముందుకొస్తుంది. అప్పుడు ఊరంతా మోగిపోతుంది. ఈలోగా నేను చేసింది నా చేతిరాతలోనే నీకు తెలియాలని రాస్తున్నాను.

పదిమంది లోపు పనిచేసే దుకాణాలకు కనీస వేతనం, జబ్బు సెలవుకు జీతం వర్తించకూడదని కమిటీలో ఒక సవరణ పెట్టారు. మన లాండ్రీ లాంటివాటిని బతికించడానికే. అది ఒక్క ఓటు తేడాతో వీగిపోయింది. ఆ ఓటు నాదే. చేతులెత్తమనే ముందు కమిటీ పెద్దాయన నావైపు చూసి నవ్వాడు. "మీ ఇంటి సంగతి కూడా కదమ్మా, కాస్త ఆలోచించుకోండి" అన్నాడు.

ఆలోచించాను. ఇస్త్రీ బల్లల కింద ఆడుకుని పెరిగినదాన్ని. మన దగ్గర ఇస్త్రీ చేసే పొడుగమ్మ జ్వరంతో దుప్పట్ల మీద కూలిపోతే నువ్వే భుజాన వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తావు. నువ్వు మంచివాడివి. కానీ యజమానులందరూ మా నాన్నలాంటివాళ్లు కారు కదా! యజమాని మంచితనం మీద ఆధారపడితే అది దయ అవుతుంది గాని హక్కు కాదు. అందరికీ వైద్యం కావాలనీ, ఉన్నవాళ్ల మీద ఎక్కువ పన్ను వేయాలనీ నేను వేదికలెక్కి చెబుతుంటే ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టింది నువ్వే. ఈ మాట మాత్రం మన గుమ్మంలోకే వచ్చింది.

పోయినసారి నేను ఇంటికొచ్చినప్పుడు "నీ చట్టం నా పొట్ట కొడుతుందే" అని కంచం నెట్టేసి లేచావు. సభలో పడే తిట్లు దులిపేసుకుంటాను. నువ్వు అలా ఆకలితో లేచి వెళ్లడాన్ని మాత్రం ఇప్పటికీ దులుపుకోలేకపోతున్నాను. ఎవరికీ చెప్పలేదు, నీకే చెబుతున్నాను. వచ్చే ఎన్నికల్లో నిలబడను. వేసిన ఓటు సరైనదే, దానికి బాధ లేదు. కానీ ఇల్లా, సభా అని మళ్లీ ఎంచుకునే ఓపిక నాకు లేదు. ఏ బడిలోనో పాఠాలు చెప్పుకుని బతుకుతాను.

ఈ ఉత్తరం తమ్ముడికి చూపించకు.

నీ పెద్దది

* * *

ఒసే పిడుగూ,

తమ్ముడికి చూపించకు అన్నావు. కవరు చింపిందే వాడు.

వాడు నిప్పులు కక్కుతున్నాడు. కక్కనీ. దుప్పట్లు వేసే హోటళ్లవాళ్లను ఉతికే రేటు పెంచమంటే మొహం మీదే తలుపేస్తున్నారు. ఆ బేరాలు పోతే వ్యాను అమ్మాలి. వ్యాను పోతే దాన్ని నడిపే నీ తమ్ముడికి పనేది? అక్కడ నువ్వు చెయ్యెత్తితే ఇక్కడ వాడి చెయ్యి ఖాళీ అవుతుంది. నేను సర్దిచెప్పను. అది మీ అక్కాతమ్ముళ్ల గొడవ.

నేను నీ పక్షానికి రాలేదు, ముందే చెబుతున్నా. మొన్న నీ ఓటు సంగతి ఎలాగో బయటికి పొక్కి, లాండ్రీల సంఘంవాళ్లు నన్ను వేదిక ఎక్కించి, నీ కూతురు చేసింది తప్పని నీ నోటితోనే చెప్పమన్నారు. చెప్పాను. "మా పెద్దది తొందరపడింది, బరువు పెట్టింది గాని భుజం ఇవ్వలేదు" అన్నాను. చప్పట్లు కొట్టారు. అంతలో వెనకనుంచి సబ్బుల వ్యాపారి లేచి, "ఎవరి దగ్గరో బాగా ముట్టి ఉంటుంది" అన్నాడు.

నాకు ఒళ్లు తెలియలేదు. వేదిక దిగిపోయి వాడి చొక్కా పట్టుకున్నాను. "తప్పు చేసిందను, పడతాను. అమ్ముడుపోయిందంటే మాత్రం ఊరుకోను. తను మన వైపు చెయ్యెత్తి ఉంటే నా షాపు నిలిచేది. సొంత ఇల్లే చూసుకోనిదాన్ని దొంగంటావేంట్రా?" అన్నాను. చొక్కా గుండీ ఒకటి నా చేతిలోకొచ్చింది. సిగ్గేసి తిరిగిచ్చేశాను.

అందరూ సర్దుకున్నాక నేనే అన్నాను, పనివాళ్ల జీతాల మీద పడి ఏడవడం దేనికని. పెద్ద మిల్లులకు కరెంటు చవగ్గా ఇస్తారు, మనకెందుకివ్వరు? చట్టం అమలుకు ఓ ఏడాది గడువెందుకివ్వరు? అదడుగుదాం అన్నాను. సబ్బులవాడితో సహా అందరూ సరేనన్నారు. అడగాలి సరే, ఎవర్నడగాలి? అందరూ నావైపే చూశారు. చివరికి సంఘం పెద్ద గొంతు సవరించుకుని, "మీ అమ్మాయి తప్ప మన మాట వినేవాళ్లు అక్కడ ఎవరున్నారండీ" అన్నాడు.

అదీ సంగతి. ఎన్నికల్లో నిలబడనని పార్టీవాళ్లకు చెప్పావంటే ఇంతమంది ముందు నా పరువు పోతుంది. కంచం ముందునుంచి లేచానని రాజకీయాలు మానేస్తావా? మీ అమ్మ వంట మీద అలిగి నేను ఎన్నిసార్లు లేవలేదు? ఆవిడ వంట మానేసిందా?

సోమవారం మేమంతా సభ గేటు దగ్గరికొస్తున్నాం. నీకు వ్యతిరేకంగా అరుస్తాం, నేను ఇంకా గట్టిగా అరుస్తాను. తమ్ముడు అట్ట మీద రాసిన తిట్టు మీ అమ్మ చెరిపించింది. వాడు మళ్లీ రాశాడు. గొంతులు తగ్గాక కిందికి దిగిరా, మా అర్జీ తీసుకో. అందులో ఏది కుదురుతుందో ఏది కుదరదో మా మొహాల మీదే చెప్పు. మొహమాటపడకు.

ఇట్లు,
ఇంట్లో నీ ప్రతిపక్షం,
నాన్న