వీధికి వీపు పెట్టిన హోటల్

వెదర్‌బీ, న్యూజెర్సీ
అక్టోబరు 6, 1997

పట్టణ కట్టడాల సంఘం అధ్యక్షులు ప్రూయిట్ గారికి,

స్టమాటియా వెర్గానిస్ అనే నేను, వయసు ఎనభై మూడు, కీర్తిశేషుడు థనాసిస్ భార్యను, కోడలు రూలాతోనూ ఆమె పెంచే ఒంటికన్ను పిల్లితోనూ మిల్లు వీధిలో ఉంటున్నదాన్ని, నమస్కారాలు చెప్పి రాయిస్తున్నాను. ఊళ్లో నన్ను అందరూ పెగ్గీ అంటారు. హైవే పక్కన మేం నడిపిన డైనర్, అదే ఆ చిన్న హోటల్, మేం కొనేనాటికే దాని నెత్తిన ‘పెగ్గీస్’ అని బోర్డు ఉంది. ఆ పెగ్గీ ఎవరో నాకూ తెలీదు. ఆకలితో వచ్చినవాళ్లతో పేరు కోసం పేచీ ఎందుకని పలికాను. నాకు చదువు రాదు. నా పక్కన నిలబడి ఏళ్లతరబడి ప్లేట్లు అందించిన డొలోరెస్ ఇది రాస్తోంది. మాటలు నావి, అక్షరాలు ఆమెవి.

మీ నోటీసు చదివించుకుని విన్నాను. క్రీక్ వీధిలో ప్రతి కట్టడమూ వీధి వైపే ముఖం పెట్టాలట. మా డైనర్ వీపు పెట్టిందట. గురువారం సభలో తేల్చి, తిప్పించడమో తీయించడమో చేస్తారట. నా వాదన ఇది. సభలో పైకి చదివించండి.

థనాసిస్ పోయాక నేను డైనర్ అమ్మేశాను. కొన్నవాడు అందులో టపాకాయల కొట్టు పెట్టి, తళతళలాడే ఉక్కు గోడల మీద చెక్కలు కొట్టి, బురదరంగు పూశాడు. వాడూ వదిలేసి పోయాడు. తర్వాత హైవే వెడల్పు చేస్తామని కూలగొట్టే యంత్రం పంపారు. నేను కుర్చీ వేసుకుని దాని ముందు కూర్చున్నాను. “లే అమ్మమ్మా, నాకు పనుంది” అన్నాడు యంత్రం నడిపేవాడు. “నాకేం పని లేదు నాయనా, తీరిగ్గా కూర్చుంటాను” అన్నాను. ఇంజను ఆపి, నా పక్కనే కూర్చుని తన భోజనం విప్పాడు. చప్పగా ఉందని ముఖం మీదే చెప్పాను. ఈలోగా డొలోరెస్ వెళ్లి, ఇళ్లకు ఇళ్లే లారీల మీద మోసే లైల్ హోస్టెటర్‌ని వెంటబెట్టుకొచ్చింది. లైల్ డైనర్ కింద పాకి చూసి, “ఇది ఫ్యాక్టరీలో రైలుపెట్టెలా చేసి చక్రాల మీద తెచ్చింది పెద్దమ్మా. వచ్చినట్టే పోతుంది” అన్నాడు.

అది తరలిపోయిన రోజు మీకూ గుర్తుండాలి. రెండు ముక్కలు చేసి, రెండు లారీల మీద ఊరి మధ్య నుంచి క్రీక్ వీధికి ఊరేగించాడు. కరెంటు వాళ్లు వైర్లు కర్రలతో ఎత్తి పట్టుకున్నారు. చర్చి ఆడవాళ్లు అరుగుల మీంచి కాఫీలు అందించారు. ముందు జెండా ఊపుతూ నడిచింది ఎవరు? మీరే కదా.

తర్వాత ఏడాదంతా దానికి ప్రాణం పోశాం. చెక్కలు ఊడదీస్తే లోపల ఉక్కు చెక్కుచెదరలేదు. వెనిగర్ పోసి రుద్దితే అందులో మా ముడతలు లెక్కపెట్టుకోవచ్చు. గుండ్రటి స్టూళ్లకు రూలా ఎర్ర రెక్సిన్ కుట్టింది. కౌంటర్ కింద ఎండిపోయిన చూయింగ్ గమ్ దొరికితే, ఎవరూ అడక్కముందే “అది నాది కాదు” అంది డొలోరెస్. (ఈ మాట రాయనంది. రాయమన్నాను.)

ఇక నేరం సంగతి. దించిన రోజు కుండపోత వాన. లైల్‌కి దిక్కు తెలియక వెనక ముందు చేసి దించాడు. పొరపాటు అతనిది. కానీ అతుకులు వేశాక ఇప్పుడు మళ్లీ విరగ్గొడితే ఆ పాత ఎముకలు తట్టుకోవు. తలుపు ఎటుందో జనానికి తెలిసిపోయింది. వంటింటి కిటికీ వీధి వైపు పడింది గనక ఉల్లిపాయలు వేగే వాసనే దారి చూపిస్తుంది. వీధికి వీపు పెట్టడం అమర్యాద అన్నారట మీరు. నలభై ఏళ్లు ఊరంతా నా వీపు చూస్తూనే తిన్నది. పెనం గోడ వైపు ఉంటే వండేదాని ముఖం ఎవరికి కనపడుతుంది? ఒక్కరూ అమర్యాద అనలేదు, ఇంకో రెండు పాన్‌కేకులు వేయమన్నారు.

కాబట్టి దాన్ని కదిలించవద్దని అడుగుతున్నాను. బతిమాలడం నాకు రాదు, అడగడమే వచ్చు.

ఇట్లు,
స్టమాటియా వెర్గానిస్
ఆమె గుర్తు: ✕

తా.క. డొలోరెస్ కలం మూసేసింది, మళ్లీ తీయించాను. సాక్షి సంతకానికి లైల్‌ని పిలిపిస్తే, అతను పైదంతా చదివాడు, తనమీద వేసిన నింద కూడా చదివాడు. సంతకానికి కలం అందుకున్నాడు. ఎదురు తిరిగితే దబాయించేదాన్ని. తిరగలేదు. అందుకని నిజం రాయిస్తున్నాను.

ఆ రోజు వానా లేదు, పొరపాటూ లేదు. “రోడ్డు ఇటు కదా పెద్దమ్మా?” అని లైల్ రెండుసార్లు అడిగాడు. “నాకు కళ్లున్నాయి, తిప్పి దించు” అన్నాను.

ఎందుకంటే చెప్తాను. పెనం దగ్గర్నుంచి ప్లేటు పట్టుకుని ఇటు తిరిగిన ప్రతిసారీ, మీ తలల మీదుగా కిటికీలో నాకు కనపడింది టైర్ల కొట్టూ లారీలూ. నలభై ఏళ్లు అదే. కొత్త చోట వీధికి అవతల మళ్లీ టైర్ల కొట్టే ఉంది. ఇవతల వాగూ, గడ్డిమైదానమూ. నేను మేకల వెంట కొండల్లో పెరిగిన పిల్లను. గడ్డి చూస్తూ వండాలనిపించింది. జనం కోసం కాదు, నా కోసం.

గురువారం సభకు ముందు రండి. నా జాగాలో నిలబడి, రెండు చేతులా వేడి ప్లేట్లు పట్టుకుని, ఇటు తిరగండి. అప్పుడు కూడా తిప్పమంటే తిప్పిస్తాను.

ఆమె గుర్తు మళ్లీ: ✕

సాక్షులు:
లైల్ హోస్టెటర్. చెప్పొద్దంది, చెప్పలేదు.
డొలోరెస్ కమిన్‌స్కీ. రాసిందీ నేనే. ప్లేట్లు పట్టుకుని నేనూ ఇటు తిరిగి చూశాను. కాఫీ పోయడం మర్చిపోయాను.