కింది మంచం మనిషి

పిసినారికి,

అక్షరాలు కోడి కెలికినట్టుంటే సర్దుకుని చదువు. ఆడవాళ్ళ డార్మిటరీలో రెండంతస్తుల మంచం ఎక్కి, పైన బోర్లా పడుకుని రాస్తున్నాను. కింది మంచంలో మా అమ్మ నిద్రపోతోంది.

కల కాదు. గిల్లుకుని చూసుకున్నాను. మొదటినుంచీ రాస్తాను, లేకపోతే నాకే పిచ్చెక్కేలా ఉంది.

నువ్వు పెట్టిన పరీక్షకే వచ్చాను. “నాలుగు నెలలు వీపు మీద సంచీతో యూరప్ అంతా తిరగాలంటే, ముందు మనూళ్ళోనే ముక్కూమొహం తెలియని వాళ్ళ మధ్య రెండు రాత్రులు పడుకుని చూడు. పక్క కుదరలేదని గొణిగేదాన్ని నాతో తీసుకుపోను” అన్నావు కదే. నువ్వేమో రోడ్డు సర్వే క్యాంపులో, ఫోను సిగ్నలు కూడా లేని చోట కూర్చుని, రైలు కంటే బస్సు నయం, బస్సు కంటే నడక నయం, రాత్రి బస్సులో కునుకు తీస్తే ఆ రాత్రి అద్దె మిగిలినట్టేనని రూళ్ళకర్ర పట్టుకుని ప్లాను గీస్తున్నావు. నీ మాట కాదనలేక నాలుగు నెలల సామాను ఒక్క సంచీలో కుక్కి, పొరుగూళ్ళో కంటి శిబిరం ఉంది, మా కళ్ళద్దాల షాపువాళ్ళు పంపుతున్నారని ఇంట్లో అబద్ధం చెప్పి బయల్దేరాను. యూరప్ మాట ఇంట్లో ఇంకా ఎత్తనేలేదు. ఎత్తితే అమ్మ ఏమంటుందో నీకు తెలుసు. రెండు రాత్రులు బయట పడుకోవాలని స్కూలు విహారయాత్రకే పంపని మనిషి.

ఇవాళ శుక్రవారం. మధ్యాహ్నం వచ్చేసరికి గది ఖాళీగా ఉంది. ఎనిమిది మంచాల్లో ఒక్కదానికే తెర లాగి ఉంది. ఇక్కడ ప్రతి మంచానికీ ఒక తెర, తలవైపు చిన్న దీపం, ఒక అర, సంచీ పెట్టుకోవడానికి తాళమేసే పెట్టె ఉన్నాయి. దుప్పట్లిచ్చే అమ్మాయి నన్ను ముందే హెచ్చరించింది. “మీ కింది మంచం నెలనెలా వచ్చే ఆవిడది. శుక్రవారం వచ్చి ఆదివారం పోతుంది. తెర లాగి ఉంటే పలకరించకండి, నిద్రపోనివ్వండి.” ఎవరో పాపం, ఉద్యోగం కోసం ఊళ్ళు తిరిగే మనిషి కాబోలు అనుకున్నాను.

పెట్టెలో సంచీ తోద్దామని వంగితే తెర సందులోంచి అర మీద కళ్ళజోడు కనిపించింది. నేను కళ్ళద్దాలు బిగించే దాన్ని. మనుషుల్ని మర్చిపోతానేమోగాని ఫ్రేముల్ని మర్చిపోను. కుడి కీలుకి స్క్రూ దొరక్క వేరే రంగుది వేశాను, అదే స్క్రూ. ముందు నాకేమనిపించిందో తెలుసా? మా అమ్మ కళ్ళజోడు ఎవరో కొట్టేశారు అనుకున్నాను! తెర కొంచెం జరిపి చూశాను.

అమ్మ. నోరు కొద్దిగా తెరుచుకుని, ఒక చెయ్యి తల కింద, ఒక చెయ్యి మంచం బయటికి వేలాడేసి, పట్టపగలు నాలుగింటికి ఒళ్ళు తెలియకుండా నిద్రపోతోంది. నేను పుట్టి బుద్ధెరిగాక అమ్మ పగలు పడుకోవడం చూడలేదు. అంతెందుకు, అమ్మ నిద్రపోతుండగా చూడటమే ఇదేమో. నేను పడుకునేసరికి మేలుకుని ఉంటుంది, లేచేసరికి లేచి ఉంటుంది.

మా అమ్మ మందుల గోడౌన్‌లో సరుకు లెక్క చూస్తుందిగా. రెండేళ్ళుగా నెలకోసారి వేరే ఊళ్ళో బ్రాంచి గోడౌన్ లెక్క చూడ్డానికి పంపుతున్నారని చెప్పి వెళ్తోంది. ఆవిడ లేకపోతే ఆ కంపెనీ మూతబడుతుందని నాన్న పదిమందికీ గొప్పగా చెప్పుకుంటాడు. పిసినారీ, ఆ బ్రాంచి గోడౌన్ ఇదే. మా ఇంటికి రెండు బస్సుల దూరం.

ఇప్పుడు నేనేం చెయ్యాలి? అరుద్దామంటే నేనూ అబద్ధం చెప్పి వచ్చినదాన్నే. దొంగకి తేలు కుట్టినట్టయింది నా పని. దిగి పారిపోదామంటే ఈ నిచ్చెన కిర్రుమంటోంది. ఆవిడకి ఒంట్లో బాగాలేదా? నాన్నతో గొడవా? ఇంకేదైనానా? ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటున్నాను.

కింద కదిలింది. కళ్ళజోడు కోసం అర తడుముతోంది.

సోడాబుడ్డి


పిసినారికి,

వారం తర్వాత రాస్తున్నాను.

ఆ రోజు అమ్మ కళ్ళజోడు పెట్టుకుని, తెర తీసి, పైకి చూసింది. నేను కిందికి చూస్తున్నాను. మా అమ్మ నోటివెంట వచ్చిన మొదటి మాట ఏంటో చెప్తే నమ్మవు.

“పెట్టెకి తాళం వేశావా?”

అక్కడి వంటగదిలో టీ పెట్టుకుని కూర్చున్నాం. దొరికిపోయాను కదా అని యూరప్ సంగతి ముందు నేనే కక్కేశాను. కోప్పడుతుందని కాచుకు కూర్చున్నాను. కోప్పడలేదు. “అక్కడ కూడా ఇట్లాంటి మంచాలేనా?” అని అడిగింది. “అవునమ్మా, తప్పదు, చవగ్గా తిరగాలంటే ఇట్లాంటి కష్టాలు పడాలి” అన్నాను.

“కష్టమేంటే? తెర ఉంది, దీపం ఉంది, తాళం ఉంది” అంది అమ్మ.

మా ఇల్లు నువ్వు చూశావు. ఒక గది నాది. ఇంకో గదిలో నాన్న మంచం, చుట్టూ ఆయన బాగుచేసే ఫ్రిజ్‌ల కంప్రెసర్లు. హాల్లో నాయనమ్మ మంచం. ఆ మంచానికీ భోజనాల బల్లకీ మధ్య అమ్మ చాప. నాయనమ్మ పిలిస్తే లేవాలి, నాన్న ఆలస్యంగా వస్తే లేవాలి, నాకు తలనొప్పొస్తే లేవాలి. ఇదంతా నాకు కొత్తగా తెలిసిన సంగతి కాదు. కానీ ఆ మంచం చూశాక అమ్మ నోటివెంట వింటే కొత్తగా విన్నట్టే ఉంది.

“నేను వెళ్ళాక నా గది నువ్వు తీసుకో” అన్నాను. ఎంత ఉదారంగా అన్నాననుకున్నావు! అమ్మ తల అడ్డంగా ఊపింది. “ఆ తలుపు కొట్టడానికి కూడా మీరే ఉంటారుగా” అంది.

అప్పుడు అడిగాను. అడక్కుండా ఉండాల్సింది. “అంటే మేమెవరం లేని చోటు కావాలా నీకు?”

“అవును” అంది.

అంతే. “అట్లా కాదే” అని గాని, “నా ఉద్దేశం అది కాదు” అని గాని ఇంకో ముక్క కలపలేదు. టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించింది. నాకు చెంప ఛెళ్ళుమనిపించినా అంత దిమ్మ తిరిగేది కాదు. నా సంచీ తీసుకుని అప్పటికప్పుడే ఇంటికొచ్చేశాను.

వచ్చి నాన్నకి చెప్పేశాను. ఎందుకు చెప్పానంటే ఏం చెప్పను? ఆ “అవును” నేనొక్కదాన్నే మొయ్యలేకపోయాను. నాన్న చేతిలో స్క్రూడ్రైవరు అట్లాగే పట్టుకుని, “ఎవరితో ఉంటోంది అక్కడ?” అన్నాడు. నాయనమ్మ మంచం మీద లేచి కూర్చుంది.

ఆదివారం అమ్మ ఎప్పట్లాగే సంచీ పట్టుకుని వచ్చింది. నాన్న గుమ్మంలోనే అదే మాట అడిగాడు. “ఏడుగురు ఆడవాళ్ళతో. వాళ్ళలో ఒక్కళ్ళు కూడా నన్ను పిలవరు” అంది. సంచీ దులిపి అటక మీద పడేసింది. “ఇంక వెళ్ళను. సరేనా?” అని వంటింట్లోకి పోయింది.

అప్పట్నుంచీ అన్నీ వేళకి జరుగుతున్నాయి. అమ్మ ఎవరినీ ఒక్క మాట అనడం లేదు. ఆ ఒక్క చోటూ పోగొట్టింది నేను. మేం అక్కర్లేదని ఆవిడ నోటితో విన్నదీ నేనే. ఈ రెండూ కడుపులో పెట్టుకుని, నీతో ఊరూరా తిరుగుతూ ఫొటోలకి పళ్ళికిలించడం నావల్ల కాదు. అమ్మ కోసం మానుకుంటున్నాను. నేను రావడం లేదు. ఇంకెవరినైనా చూసుకో. తిట్టుకుంటే తిట్టుకో.

సోడాబుడ్డి


సోడాబుడ్డికి,

నీ ఉత్తరాలు రెండూ ఒకే వ్యానులో వచ్చాయి. ఏడ్చాను. ఏడుపయ్యాక మళ్ళీ ప్లాను ముందేసుకున్నాను. నా సంగతి తెలుసుగా.

ఒక్కదాన్నే వెళ్ళాలంటే నాకు భయం. పైకి చెప్పను గాని, భయం. కాబట్టి తోడు కావాలి. ఎలాంటి తోడు? కొత్త మనుషుల మధ్య హాయిగా నిద్రపోగలగాలి. ఉన్న సామానంతా ఒక్క సంచీలో పట్టించాలి. ఇరుకని, పక్క బాగాలేదని సణగకూడదు. పొద్దస్తమానం వాగి నా బుర్ర తినకూడదు. ఇందులో ఒక్కటి కూడా నీకు రాదు, స్నేహం కొద్దీ ఒప్పుకున్నాను.

ఇవన్నీ ఉన్న మనిషి నీ ఉత్తరంలోనే కనిపించింది. రాను అన్నది నువ్వే, ఇంకెవరినైనా చూసుకోమన్నదీ నువ్వే. చూసుకున్నాను. మందుల గోడౌన్ అడ్రసుకి మీ అమ్మకి ఉత్తరం రాశాను. జవాబు నీకే చెప్తానంది.

కోపమొస్తే క్యాంపుకొచ్చి కొట్టు. వచ్చేటప్పుడు బస్సులోనే రా, టాక్సీ దండగ.

పిసినారి


చిట్టితల్లికి,

అమ్మ రాస్తున్నది. ఒకే ఇంట్లో ఉంటూ స్టాంపు అంటించి నీ షాపుకి ఉత్తరం పంపడమేంటని ఆశ్చర్యపోకు. ఇంట్లో అయితే నేను మొదలుపెట్టిన మాట పూర్తయ్యేలోగా ఎవరో ఒకరు పిలుస్తారు. ఇక్కడ గోడౌన్‌లో భోజనాల వేళ అట్టపెట్టెల మధ్య నన్నెవరూ వెతకరు.

నీ స్నేహితురాలి ఉత్తరం కూడా ఈ పెట్టెల మీదే కూర్చుని చదివాను. ముందు వేళాకోళం అనుకున్నాను. రెండోసారి చదివాక నిజమేనని తెలిసింది. నన్ను, నాలుగు నెలలు, యూరప్‌కి! నాయనమ్మ పిలిస్తే ఎవరు లేస్తారు అనుకున్నాను. ఆ ప్రశ్నకి జవాబు దొరక్కముందే మేనేజరు గది ముందు నిలబడి ఉన్నాను. ఇన్నేళ్ళలో వాడని సెలవులు ఎన్ని ఉన్నాయో చూసి ఆయన నోరెళ్ళబెట్టాడు. నేనూ అంతే.

మీ నాన్నకి చెప్పాను. ఆ ఆదివారం గుమ్మంలో ఆయన అడిగిన మాటకి నాకు ఒళ్ళు మండింది, అది ఇంకా చల్లారలేదు. కానీ నీకు తెలియని సంగతి ఒకటుంది. మొన్న ఆయన ఆ డార్మిటరీకి వెళ్ళొచ్చారు. మగవాళ్ళని పైకి రానివ్వరుగా. కింద నిలబడి ఆ దుప్పట్ల అమ్మాయిని, “మా ఆవిడ మంచం ఎట్లా ఉంటుందమ్మా?” అని అడిగారట. ఆ పిల్ల చెప్పిందట. ఇంటికొచ్చి నాకు ఆ ముక్క చెప్పి, కంప్రెసరు విప్పుకుంటూ కూర్చున్నారు. అప్పట్నుంచీ వాళ్ళమ్మ పిలిస్తే తనే లేస్తున్నారు. లేచొచ్చి నన్ను తట్టి, “అమ్మ పిలుస్తోంది, ఏం చెయ్యాలి?” అని అడుగుతారనుకో. నేర్చుకుంటారులే. ఇక మీ నాయనమ్మ, “ఆ మంచాల సంగతి నాకు ముందే చెప్తే నేనూ వచ్చేదాన్నిగా” అంటోంది. ఆవిడ మంచం ముప్ఫయ్యేళ్ళుగా హాల్లోనే ఉందన్న సంగతి మనం మర్చిపోయాం.

ఇప్పుడు నీ సంగతి. నువ్వడిగినదానికి అవునన్నాను. నువ్వు ఏడుస్తావని తెలిసే అన్నాను. రెండేళ్ళు అబద్ధాలు చెప్పి విసిగిపోయాను, ఇంకోటి చెప్పే ఓపిక లేదు. ఆ తర్వాత ఎన్నోసార్లు నీ గది గుమ్మం దాకా వచ్చాను, మీరు అక్కర్లేదని కాదే అని చెబుదామని. అదీ పూర్తి నిజం కాదని వెనక్కి తిరిగాను. కొన్ని పూటలు మీరెవరూ అక్కర్లేదు నాకు. మిగతా పూటలన్నీ మీరే కావాలి. తల్లి ఇట్లా చెప్పొచ్చో లేదో నాకు తెలియదు. మా అమ్మ నాకెప్పుడూ చెప్పలేదు.

నా కోసం మానుకుంటున్నానని రాశావట. నీ స్నేహితురాలు నాకు రాసింది. నీకు దణ్ణం పెడతాను, నా కోసం ఏదీ మానుకోకు. నేను మీ కోసం మానుకుంటూ వచ్చినదాన్ని. మానుకున్న మనిషి మొహం పొద్దున్నే లేచి చూడటం ఎంత నరకమో మీకు తెలుసు, అద్దంలో చూసుకున్న నాకూ తెలుసు. రేపు నీ మొహం అట్లా అయితే నేను చూడలేను.

అయినా జాలిపడి నీ చోటు నీకు వదిలేస్తాననుకోకు. వదలను. పాస్‌పోర్టుకి ఫొటో దిగాను, అది రాగానే వీసాకి ఇస్తాను. సంచీ అటక మీంచి దించాను. ఏప్రిల్‌లో నేనూ పిసినారీ వెళ్తున్నాం. నువ్వు చిన్నదానివి, వచ్చే ఏడాది వెళ్దువుగాని. ఈ మాట వినడమే గాని అనడం ఇంత సుఖంగా ఉంటుందని నాకిన్నాళ్ళూ తెలియదు.

నువ్వు రేపట్నుంచే హాల్లో పక్క వేసుకుని అలవాటు చేసుకో. మీ నాన్నొక్కరే చెయ్యలేరు. నేను వెళ్ళాక కూడా నాయనమ్మ ముందు నన్నే పిలుస్తుంది. నేను లేనని చెప్పు. ఎక్కడికెళ్ళిందని ఎవరడిగినా, ఈసారి నిజమే చెప్పు.

అమ్మ