ఆయన నెత్తురు

1968 జూన్ 9, నల్గొండ

ఆయన లంగోటా ఉతుకుతుంటే స్పిరిట్ వాసన. మడతలో దూది, దూదికి నెత్తుటి మరక. అడిగితే తాలీంలో కుస్తీ పడుతుంటే ముల్లు గుచ్చుకుందన్నారు. తుంటికి ముల్లెట్లా గుచ్చుకుంటుంది? బడిపంతులమ్మను, రోజూ అబద్ధాలు వింటాను. ఈ కథ మూడో తరగతివాడు కూడా చెప్పడు.

జూన్ 11

ముల్లు కాదు, తాకత్ సూదని ఒప్పుకున్నారు. తాలీం ఉస్తాదు సోమన్న హైదరాబాద్ నుంచి తెప్పించి రెండేండ్లుగా పొడుస్తున్నాడట. మగతనం పెంచే మందట. రెండు దసరాలు వరసగా కుస్తీలో వెండి కడెం గెలిచింది అందుకేనా అంటే గిన్నె విసిరికొట్టారు. ఈ కోపం కూడా సూదిదేనేమో.

పెళ్లయి మూడేండ్లు, పిల్లలు లేరు. అత్త నాచేత యాదగిరిగుట్టలో ప్రదక్షిణలు చేయించింది. తిరగవలసింది నేనేనా అని మొదటిసారి అనుమానం వచ్చింది.

జూన్ 20

డాక్టరమ్మ నన్ను పరీక్షించి లోపమేమీ లేదంది. సూది సంగతి చెప్పగానే ఆయన నెత్తురు కావాలంది. హైదరాబాద్‌లో హార్మోన్ టెస్ట్ కొత్తగా మొదలైందట. మందు బయటి నుంచి పోస్తుంటే ఒళ్లు తన పని మానుకుంటుందట, పిల్లలు పుట్టకపోవచ్చట. మగతనం మందే తండ్రిని కానివ్వదా? నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

జూన్ 21

ససేమిరా అన్నారు. దసరా దాంక పహిల్వాన్ ఒంట్ల నుంచి నెత్తురు సుక్క బయటికి పోవద్దని ఉస్తాదు కట్టడి చేసిండట. బరిలో దిగేవాళ్లు గడ్డం కూడా గీసుకోరు. లోపలికి పొడిచే సూదికి మాత్రం ఏ కట్టడీ లేదు.

జూలై 6

ఉన్నట్టుండి ఒప్పుకున్నారు. నువ్వు రాకు, ఆడిదాని ముంగట చెయ్యి సాపుడు నామోషి అని ఒక్కరే వెళ్లారు.

జూలై 7

నూనె రాస్తూ రెండు మోచేతుల మడతలూ చూశాను. సూది గుర్తు లేదు.

జూలై 19

రిపోర్ట్ వచ్చింది. అంతా నార్మల్. అత్త తిరుమలగిరిలో ఒక పిల్లను చూసి వచ్చింది. గొడ్రాలికి ఇంకెన్నేండ్లు తిండి పెట్టాలె అని వాడంతా వినేటట్టు అన్నది. ఇంట్లో అందరూ తినేది నా జీతం.

జూలై 22

ఆయన కుస్తీ జోడీ ఏసోబు. అతని భార్య బిక్షమ్మ పిల్లను బళ్లో చేర్పించడానికి వచ్చి మాటల్లో అన్నది: మా ఆయన మొన్న దవాఖాన్ల నెత్తురిచ్చొచ్చి కండ్లు తిరిగి పడ్డడు, గిసుంట పని మల్ల చెప్పొద్దని మీ ఆయనకు జర చెప్పమ్మా అని.

ఏసోబు ఈ దసరాకు బరిలో దిగటం లేదు, కట్టడి లేదు. సూది ముట్టడు. ముగ్గురు పిల్లల తండ్రి. నార్మల్ ఎందుకు రాదు?

ఆయన్ని నిలదీశాను. తల వంచుకున్నారు. నాతో వచ్చి సొంత నెత్తురు ఇవ్వకపోతే తిరుమలగిరి పోయి ఆ పిల్ల తల్లికి అంతా చెప్తానన్నాను.

ఆగస్టు 10

ఈసారి రిపోర్ట్‌లో డాక్టరమ్మ అనుకున్నదే నిజమైంది. సూది మానేస్తే కుదురుకోవచ్చట, టైం పడుతుందట, గ్యారంటీ లేదట. ఆయన అత్త ముందు నిలబడి లోపం నాదే, గా సంబంధం వద్దన్నారు. సూది ఇక ముట్టనని నా నెత్తిన చెయ్యిపెట్టి ఒట్టేశారు.

సెప్టెంబర్ 14

ఉస్తాదు ఇంటికొచ్చి అరుగు మీద ఏవో గుసగుసలు పెట్టి పోయాడు. నేను లంగోటా వాసన చూస్తున్నాను. స్పిరిట్ లేదు. దూది దారిలో పారేసి వస్తున్నారేమో. నమ్మాలని ఉంది, చేతకావటం లేదు. వేరొకరి నెత్తురు తన పేరున ఇప్పించిన మనిషికి ఒట్టొక లెక్కా.

సెప్టెంబర్ 30

రేపు బరిలో దిగుతున్నారు. కడెం తనదేనన్న ధీమా ముఖంలో కనబడుతోంది. ఇంకేముంది, పొడిపించుకున్నట్టే.

అక్టోబర్ 1, దసరా

మొదటి పట్టుకే వెల్లకిలా పడ్డారు. అత్త ఏడుస్తోంది. నేను పరమాన్నం వండుతున్నాను.