అంకుల్ వేసిన వైర్లు

ఫార్మింగ్టన్ హిల్స్,
మిషిగన్.

ప్రియమైన అక్కకి,

మన రక్షకుని నామంలో మీ అందరికీ వందనాలు. ఆయన కృప వల్ల మేమిక్కడ క్షేమం. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? బావగారు బీపీ మాత్రలు మానకుండా వేసుకుంటున్నారా? చిన్నదాని పరీక్షలు అయిపోయాయా? మా గురించి దిగులు పెట్టుకోకు, బాగానే ఉన్నాం. మంచు కరిగిపోయింది, కోటు లేకుండా బయటికి వెళ్తున్నాం. మీ మరిది పొద్దున్నే ఆఫీస్‌కి వెళ్ళిపోతే ఇల్లంతా నిశ్శబ్దం. ఒక్కదాన్నే ఇంత అన్నం, పచ్చడి వేసుకుని కిటికీ దగ్గర కూర్చుంటాను. బాగానే ఉన్నాన్లే.

వీడియో కాల్‌లో చెబితే నా మొహం చూస్తావని ఇది కాగితం మీద రాస్తున్నాను.

మా తెలుగు చర్చిలో సరోజిని ఆంటీ అని ఉన్నారు. అంకుల్ పోయిన ఏడాది ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. ఆయన రిటైరయ్యాక ఒక పాత ట్రైలర్ కొన్నారు. అంటే కారు వెనక తగిలించి లాక్కెళ్ళే చిన్న ఇల్లు. మంచాలు, పొయ్యి, లైట్లు అన్నీ ఉంటాయి. చర్చివాళ్ళం లేక్ దగ్గర క్యాంప్ వేద్దామనుకుంటే ఆంటీ దాన్ని ఇస్తానన్నారు. తీరా చూస్తే లోపలి లైట్లన్నీ మిణుకుమిణుకుమంటున్నాయి.

"సునీత ఎలక్ట్రికల్ చదివింది కదా, చూస్తుందిలే" అన్నారు పాస్టరమ్మగారు.

అక్కా, ఈ దేశం వచ్చాక నా చదువు ఊసు ఎవరైనా ఎత్తడం అదే మొదటిసారి. డిపెండెంట్ వీసా కదా, ఉద్యోగం లేదు, అందరికీ నేను ఫలానా ఆయన భార్యని, అంతే. ఆ ఒక్క మాటకి ఎంత పొంగిపోయానో.

శనివారం ఆంటీ వాళ్ళ ఇంటి ముందు, కారు పెట్టుకునే డ్రైవ్‌వేలో పని మొదలుపెట్టాను. ఒక లైట్ ఊడదీస్తే వెనక రంగురంగుల వైర్లు, అతుకుల మీద అతుకులు, వాటి మీద నెయిల్ పాలిష్ చుక్కలు. చుట్టూ చర్చి ఆడవాళ్ళు ఉన్నారు. "ఎవరండీ ఈ పని చేసింది? పెళ్ళిపందిట్లో సీరియల్ బల్బులు కట్టేవాడు నయం" అన్నాను. అందరూ నవ్వారు. ఆంటీ నవ్వలేదు.

"మీ అంకులేనమ్మా" అన్నారు.

అక్కడన్నా నోరు మూసుకోవాల్సింది. "అందుకే ఆంటీ, తెలిసినవాళ్ళతో చేయించాలి. ఇదంతా మార్చేయాలి" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ చెవులు మండుతున్నాయి. ఆవిడ "నీ ఇష్టం" అని ఇంట్లోకి వెళ్ళిపోయారు. నేను ఆయన వేసినవన్నీ కోసి పారేసి, కొత్త వైరు లాగాను. ఎందుకు వెలిగాయో గానీ ఆ సాయంత్రానికి లైట్లు వెలిగాయి. అందరూ చప్పట్లు కొట్టారు.

రెండ్రోజులకి ఆంటీ ఫోన్. "మళ్ళీ అలాగే ఉన్నాయమ్మా."

వెళ్ళి ఈసారి మీటర్ పెట్టాను. మొదటే పెట్టాల్సింది. బ్యాటరీ దగ్గర వోల్టేజ్ బాగానే ఉంది, లైట్ దగ్గరికొచ్చేసరికి పడిపోతోంది. నీళ్ళ పంపు ఆన్ చేస్తే ఇంకా పడిపోతోంది. బ్యాటరీ నుంచి లైట్లకి వెళ్ళే వైరులో లోపం లేదు. కరెంటు మళ్ళీ బ్యాటరీకి తిరిగొచ్చే దారిలోనే ఉంది. ఆ దారిలో, ట్రైలర్ అడుగున ఇనుప ఫ్రేముకి ఎర్త్ వైరు బిగించిన బోల్టు ఒకటుంది. చలికాలం ఇక్కడ రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పుకి అది తుప్పు పట్టి పొరలు పొరలుగా లేచింది. బ్రష్‌తో గీకి బిగించాను. లైట్లన్నీ పట్టపగల్లా వెలిగాయి. పంపు వేసినా చలించలేదు.

అన్ని లైట్లూ ఒకేసారి మసకబారితే అన్నీ కలిసే చోట చూడాలి. పాలిటెక్నిక్‌లో మొదటి ఏడాది చెప్పిన పాఠం. అంకుల్ పనిలో ఏ తప్పూ లేదక్కా.

ఆ గడ్డి మీదే కూర్చుండిపోయాను. చెప్పకుండా వెళ్ళిపోతే ఆవిడకేం తెలుస్తుంది అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇంకా సిగ్గేసింది. ఆంటీ టీ పట్టుకొచ్చారు. చెప్పేశాను.

ఆవిడ టీ కప్పు గడ్డి మీద పెట్టారు. "పాత వైర్లు మళ్ళీ పెట్టగలవా?" అన్నారు.

"ముక్కలు చేసేశాను ఆంటీ. చెత్తబండి కూడా వచ్చి వెళ్ళిపోయింది."

"ఆయనకి చూపు సరిగ్గా ఆనేది కాదు. అందుకే నా నెయిల్ పాలిష్ అడిగి, ఏ వైరు ఏదో గుర్తుకి చుక్కలు పెట్టుకునేవారు. నీ మీద కోపం లేదంటే అబద్ధమవుతుందమ్మా."

"క్షమించండి ఆంటీ."

"నాకు చెప్పడం కాదు. ఆ రోజు నవ్వినవాళ్ళకి చెప్పు."

ఆదివారం ఆరాధన అయ్యాక, అందరూ భోజనాల దగ్గరుండగా చెప్పాను. మీ మరిది తల వంచుకున్నారు. ఒకావిడ "పోన్లే, లైట్లయితే వెలిగాయిగా" అంది. ఓదార్పో ఎత్తిపొడుపో తెలీలేదు. ఆంటీ నా వైపు చూడకుండా చేయి కడుక్కుని వెళ్ళిపోయారు.

మొన్న ఆవిడే ఫోన్ చేశారు. "ఆ బోల్టు ఎక్కడుందో చూపించు. ఏటా నేనే గీక్కుంటాను." వెళ్ళాను. డెబ్బై దాటిన మనిషి, చుడీదార్‌తోనే గడ్డిలో వెల్లకిలా పడుకుని ట్రైలర్ కిందికి జరిగారు. నేను పక్కనే పడుకుని టార్చ్ పట్టుకున్నాను. ఆ బోల్టుని వేలితో తడిమి చూశారు.

"ఇంతేనా?" అన్నారు.

"ఇంతే ఆంటీ" అన్నాను. ఏడుపు ఆగలేదు. ఆవిడ కొంగు... కొంగేం లేదులే, చున్నీ చివర ఇచ్చారు, తుడుచుకోమని.

రత్నం పిన్ని కొడుకు వచ్చే నెల వస్తున్నాడట కదా, కొంచెం కందిపొడి పంపించు, ఆంటీకి కూడా ఇస్తాను. పిన్నికీ, పెద్దనాన్నగారికీ మా వందనాలు. పిల్లలకి ముద్దులు. మీ ప్రార్థనల్లో నన్ను మరచిపోకండి.

ఈ ఉత్తరం బావగారికి చూపించొద్దని రాద్దామనుకున్నాను. చూపించు.

నీ దీవెన కోరే చెల్లి,
సునీత