బావిలో తేలిన నూనె

నాన్నా,
నా ఒంట్లో బాగానే ఉంది. దిగులంతా నీ సంతకం గురించే.

ఆదివారం ఫోన్ చేస్తే మళ్లీ బావే ఎత్తాడు. "ఒసే విశాలీ, మన బావిలో నూని తేలతన్నాది. కంపెనీ ఆయన సూసి, కింద సమురున్నాదని సెప్పేసినాడు. మావ తవ్వకాల కాయితం మీద ఒక్క సంతకం ఎట్టేస్తే ఇంకేటి కావాల?" అన్నాడు. నిన్ను పిలవమనగానే ఫోన్ పెట్టేశాడు.

సముద్రం అడుగున తవ్వితీసిన రాళ్లను రోజూ పరీక్షించే ఉద్యోగం నాది. మన తీరం ఒకప్పుడు అంటార్కిటికాకి అతుక్కుని ఉండేది. అది చీలి విడిపోయాక గోదావరి వైపు పల్లంలో మైళ్ల మందాన ఒండ్రు పేరుకుంది. చమురు పుట్టేది అలాంటి చోట. మన భోగాపురం చేలో బావి తవ్వితే ఇరవై అడుగులకే కొండరాయి తగిలింది. మందుపెట్టి పేల్చింది నువ్వే కదా! ఆ రాతిలో చమురెక్కడిది? చమురు పేరు చెబుతున్నా, వాళ్ల కన్ను విమానాశ్రయం పక్కనున్న మన నేల మీదేనని నా అనుమానం.

ఒక్క సంగతి రాయి. నూనె కనబడింది ఆ మనిషి రాకముందా, వచ్చి వెళ్లాకా? డీజిల్ వాసన వస్తోందా? అమ్మని ఆ నీళ్లు ముట్టుకోవద్దను. చేను పాసుపుస్తకం పెట్టినచోటే ఉందేమో చూసి, ఈ రోజే వేరేచోటికి మార్చు.

కవరు మానేసి కార్డెందుకు రాశానంటావా? మన పోస్టుమేన్ కార్డులన్నీ టీకొట్టు దగ్గర పైకి చదివిగాని ఇవ్వడు. ఊరంతా వినాలనే రాశాను.

అమ్మకీ అక్కకీ దణ్ణాలు. బావా, చదవడం అయిపోతే కార్డు నాన్న చేతికివ్వు.

విశాలి